ఒడ్డున పది, ఇంట్లో రెండు



భావనపాడు ఒడ్డుకి తెల్లారగట్ల వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. బోటు ఇసుకమీదికి లాగి వల దులపడం మొదలెట్టేసరికి ఎక్కడెక్కడి పిల్లులూ వచ్చి వాలతాయి. బోటు నీడలోంచి ఒకటి, ఐసు పెట్టెల వెనకనుంచి రెండు, కొబ్బరాకుల పాకలోంచి ఒళ్లు విరుచుకుంటూ ఇంకొకటి. ఒకరోజు పనేమీ లేక లెక్కపెట్టాను. పది. వల చుట్టూ అర్ధచంద్రాకారంలో కూర్చున్నాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మూరో, రెండు మూరలో ఎడం. పనికిరాదని విసిరేసిన చేప దేని ముందు పడితే దానిది. నడుమ ఒక బుస, ఒక గుర్రు. అంతకుమించి గొడవ లేదు.

అదే ఏడాది మా ఇంట్లో రెండంటే రెండు పిల్లుల్ని కలపబోయి నేను ఆసుపత్రి పాలయ్యాను. రేడియోలో మీకు కనిపించదుగానీ, నా కుడిచేతి బొటనవేలి మొదట్లో ఇప్పటికీ రెండు తెల్లచుక్కలు ఉన్నాయి. ఒడ్డున పది సర్దుకుపోతుంటే ఇంట్లో రెండెందుకు సర్దుకోలేదు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు తినేసింది.

మొదటి పిల్లి సంగతి ముందు చెప్పాలి. దాని పేరు తిత్లీ. ఈ పేరు వినగానే ఉద్దానం శ్రోతలకి తేదీ కూడా గుర్తొచ్చి ఉంటుంది. 2018 అక్టోబరు 11. తెల్లవారుజామున నాలుగున్నరకీ అయిదున్నరకీ మధ్య ఆ పేరున్న తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు, ఒక్కో విసురు 165 దాకా. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఆ రాత్రి కన్ను మూసినవాళ్లు ఎవరూ ఉండరు. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు తలలు తెగి నిలబడ్డాయి. జీడి చెట్లు వేళ్లతో సహా లేచి పక్కకి పడుకున్నాయి. తాతలు నాటిన పనసలకి కొమ్మ అన్నది లేదు.

మూడో నాడు కాబోలు, పడిపోయిన జీడిచెట్టు కొమ్మల అడుగునుంచి సన్నగా ఏడుపు వినిపించింది. గొడ్డలి ఆపి చూస్తే గుప్పెడంత పిల్లికూన. ఒంటిమీద నలుపు, నారింజ, తెలుపు మూడు రంగులూ అతుకులేసినట్టున్నాయి. అలా మూడు రంగులుంటే అది దాదాపు ఎప్పుడూ ఆడపిల్లే. రంగుల లెక్క పుట్టుకలోనే అలా కుదురుతుంది. తుపానుకి ఆ పేరు పెట్టింది పాకిస్తాన్, అర్థం సీతాకోకచిలుక. మా మనవరాలు కూనని చూడగానే ఆ పేరే పెట్టేసింది. తోట పోయి మేం ఏడుస్తుంటే అదేం పేరే అని మా ఇంటావిడ కసిరింది. కరెంటు లేని ఆ రోజుల్లో కొవ్వొత్తి వెలుగులో దానికి పాలు పట్టింది మాత్రం ఆవిడే.

అలా తిత్లీ మా ఇంట్లో ఒక్కతే పెరిగింది. ఇంకో పిల్లి ముఖం ఎరగదు. పిల్లికూన పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం లోపు ఎవరిని చూస్తే వాళ్లు తనవాళ్లని నేర్చుకుంటుందట. ఆ రోజుల్లో దానికి దొరికినవాళ్లం మేమే, ఒక పడిపోయిన చెట్టూనూ.

నాలుగేళ్లు గడిచాయి. ఒక వానాకాలం సాయంత్రం కాశీబుగ్గ చేపల బజారు నుంచి నా సైకిలు వెనకాలే ఒక గుంటడు వచ్చాడు. గుంటడంటే పిల్లి గుంటడే. అయిదు నెలల వాడు, నారింజ రంగు. ఆ రంగు పిల్లులు అయిదింట నాలుగు మగవే ఉంటాయి కాబట్టి చూడకుండానే చెప్పేశాను. తడిసి తాడులా ఉన్నాడు. అరుగు మీద కూర్చుని నా సంచీ వైపు, నా ముఖం వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి చూసి, "ఏటి మాస్టారూ, ఒకదాన్ని మేపతన్నది సాలదా?" అంది. పిల్లికి బిచ్చం పెట్టనివాడన్న పేరు నాకొద్దు. పెట్టాను. మర్నాడూ వచ్చాడు. వారం తిరిగేసరికి పసుపు అని పేరు కూడా వచ్చేసింది. పేరు పెట్టాక పిల్లిని బయట ఉంచడం కష్టం.

నేను చేసిన తప్పు ఇప్పుడు చెబుతాను, వినండి. ఒక ఆదివారం పసుపుని చంకలో పెట్టుకుని సరాసరి వంటింట్లోకి తీసుకెళ్లి తిత్లీ ముందు దించాను. "ఇదిగో నీ తమ్ముడు" అని పరిచయం కూడా చేశాను. తిత్లీ ఒళ్లంతా రెట్టింపైంది. తోక సీసాలు కడిగే బ్రష్షులా లేచింది. ఆ గొంతులో అలాంటి శబ్దం ఉందని నాలుగేళ్లలో నాకు తెలీదు. పసుపు పొయ్యిగట్టు కిందికి దూరాడు. తిత్లీని ఎత్తుకుందామని నేను చెయ్యి చాపాను. అది పసుపు మీద కోపాన్ని నా బొటనవేలి మీద తీర్చుకుంది. భయంతో ఊగిపోతున్న పిల్లికి ఎదురుగా ఏది అందితే అదే శత్రువు. ఆ సమయంలో చెయ్యి పెట్టకూడదు. మందపాటి దుప్పటో, అట్టముక్కో అడ్డం పెట్టాలి. ఇది నాకు తర్వాత తెలిసింది.

తిత్లీ అటక ఎక్కింది. రెండు రోజులు దిగలేదు, తినలేదు. పిల్లి రెండు మూడు రోజులు బొత్తిగా తినకపోతే దాని కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఒళ్లున్న పిల్లికి మరీ ప్రమాదం. మనలా ఏకాదశి ఉపవాసాలు దానికి కుదరవు. నిచ్చెన వేసుకుని గిన్నె అటక మీదికే పట్టుకెళ్లి బతిమాలి తినిపించాం.

నా చెయ్యి సాయంత్రానికి వాచింది. పిల్లి కోర సూదిలా లోపలికి దిగుతుంది. పైన చుక్కే కనిపిస్తుంది, లోపల చీము పడుతుంది. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. తిత్లీకి నేను రేబిస్ టీకా వేయించలేదు. ఇంట్లో ఉండేదే కదా అనుకున్నాను. నలభై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ని, ఆ మాట సర్కారు ఆసుపత్రిలో సూదేసే అమ్మాయికి చెప్పేటప్పుడు తలెత్తలేకపోయాను. కరిచిన రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకి సూదులు వేయించుకున్నాను. ఆ సూదులు సర్కారు ఆసుపత్రిలో ఉచితం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మాత్రం దానికి వైద్యం లేదు. పిల్లి కరిచినా, గీరినా ముందు కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు. కుక్క కరిస్తేనే రేబిస్ అనుకునేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పిల్లి కాటుతోనూ వస్తుంది.

పశువుల డాక్టరు గారు నా కథంతా విని నవ్వారు. "మాస్టారూ, తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మీ స్కూల్లో చెప్పలేదా?" అన్నారు. చెప్పకేం. మొదటి రోజే సలసలకాగే పాలలో మూతి పెట్టిన పిల్లి, ఆ తర్వాత పాలగిన్నె చూస్తే చాలు పరుగు లంకించుకుంది. "తిత్లీకి పసుపు ఇప్పుడు ఆ పాలగిన్నె. మళ్లీ మొదటినుంచి రావాలి" అన్నారు.

ఇక్కడ ఒక సంగతి. కొత్త పిల్లి రావడాన్ని కొత్త కోడలు రావడంతో పోలుస్తారు చాలామంది. నాకు ఆ పోలిక నచ్చదు. కోడలు రావడానికి ముందు పెళ్లిచూపులున్నాయి, మాటలున్నాయి, ముహూర్తం ఉంది. పిల్లి విషయంలో మనం అవన్నీ ఎగ్గొట్టి నేరుగా గడప దాటిస్తాం. పైగా పిల్లికి పెళ్లిచూపులు కళ్లతో జరగవు, ముక్కుతో జరగాలి.

తిత్లీ రోజూ గుమ్మానికీ, బల్ల కోడుకీ, నా పిక్కకీ బుగ్గ రాస్తూ పోయేది. ముద్దు అనుకునేవాణ్ని. ముద్దే, కాకపోతే దానితోపాటు రిజిస్ట్రేషన్ కూడా. పిల్లి బుగ్గల్లో, గడ్డం కింద, పాదాల్లో వాసన గ్రంథులున్నాయి. మనకి ఆ వాసన తెలీదు. దానికి మాత్రం ఇల్లంటే ఆ వాసనే. నా పేర ఇంటిపన్ను కట్టే ఇల్లు నిజానికి మూల మూలా తిత్లీ పేర రాసి ఉంది. అందులోకి నేను చేపల బజారు వాసన మోసుకొచ్చి దించాను.

మా ఇంట్లో జీడిపిక్కలు పోసే కొట్టుగది ఒకటుంది. వేసవిలో పిక్కలు పలాస వ్యాపారులకి తోలేశాక ఆ గది ఖాళీ. పసుపుని అందులో పెట్టాం. ఒక పాత టబ్బులో ఇసుక పోశాం. ఉద్దానంలో ఇసుకకి కరువేముంది, అడుగు తీసి అడుగేస్తే ఇసుకే. గది మరో మూల నీళ్లు, తిండి. పడుకోవడానికి బోర్లించిన గంప, దానికో సందు. దాక్కునే చోటుంటే పిల్లికి సగం ధైర్యం వస్తుంది.

రెండు వారాలు గది తలుపు తియ్యలేదు. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. వీధి పిల్లులు వాంతులు, విరేచనాల జబ్బు ఒకటి మోసుకొస్తాయి. కూనల్ని రెండు మూడు రోజుల్లో పొట్టన పెట్టుకునే జబ్బు. దాని క్రిమి నేలమీదా గుడ్డలమీదా ఏడాది దాకా బతుకుతుంది. ఈలోపు పసుపుకి ఏలికపాముల మందు పట్టించాం, చెవులు చూపించాం, టీకాలు వేయించాం. బొచ్చులో గంతులేసే పురుగుల కోసం పక్కవాళ్ల కుక్క మందు ఉందన్నారు. అది పూయకండి. కుక్కకి పనికొచ్చే ఆ మందుల్లో కొన్ని పిల్లిని చంపేస్తాయి. జ్వరం వచ్చిందని పారాసిటమాల్ ముక్క వేయడం కూడా అంతే. ఒక్క బిళ్ల చాలు, పిల్లి దక్కదు.

అప్పుడు మొదలైంది అసలు పని. నా పాత పంచె చింపి రెండు ముక్కలు చేశాను. ఒకటి పసుపు బుగ్గలకి రుద్ది తిత్లీ గిన్నెకి బారెడు దూరంలో పెట్టాను. ఇంకోటి తిత్లీ బుగ్గలకి రుద్ది పసుపు గదిలో వేశాను. తిత్లీ వచ్చింది. మెడ చాపి వాసన చూసింది. నోరు కొంచెం తెరిచి, పైపెదవి ఎత్తి, వేపకాయ నమిలినదాని ముఖం పెట్టుకుని అలాగే నిలబడింది. పిల్లి అంగిట్లో వాసన పట్టే ఇంకో ద్వారం ఉంది, గాలిని అందులోకి లాగి చదువుతోందన్నమాట. చదవడం అయిపోయాక గుడ్డముక్కని చూసి బుస్సుమంది. వెళ్లిపోయింది. గుడ్డముక్క మీద కోపం కాబట్టి ఎవరి చెయ్యీ తెగలేదు.

నాలుగో రోజు బుస లేదు. ఆరో రోజు దాని పక్కనే తింది. తర్వాత రోజుకో జానెడు చొప్పున దాని గిన్నెని కొట్టుగది తలుపు వైపు జరుపుతూ వచ్చాను. తలుపుకి లోపల పసుపు గిన్నె, బయట తిత్లీ గిన్నె. అవతలివాడి వాసన వచ్చినప్పుడల్లా ఉడికించిన చేప నోట్లో పడుతోంది. పదిరోజులయ్యాక ఒక మధ్యాహ్నం నేను పేపరు చదువుకుంటుంటే తలుపు కింది సందులోంచి ఒక నారింజరంగు పాదం బయటికొచ్చింది. గోళ్లు లోపలికి ముడుచుకునే ఉన్నాయి. తిత్లీ ఆ పాదాన్ని చాలాసేపు చూసింది. ఒకసారి తన పాదంతో తట్టింది. కొట్టలేదు, తట్టింది. లోపలి పాదం వెనక్కిపోయి మళ్లీ వచ్చింది. పేపరు దించితే చప్పుడవుతుందని నేను దించలేదు.

చేప అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. నెత్తళ్లు, కవళ్లు పచ్చివి అదేపనిగా పెట్టకూడదు. కొన్ని పచ్చిచేపల్లో ఉండే పదార్థం పిల్లి ఒంట్లో బి1 విటమిన్‌ని విరిచేస్తుంది, పిల్లి తూలి పడిపోతుంది. ఉడికిస్తే ఆ బాధ లేదు. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ. పాలు మనం అనుకున్నంత మంచివీ కావు. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి అరగవు. నీళ్లు మాత్రం పట్టించాలి. పెంపుడు పిల్లికి మూలం ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారుల అడవిపిల్లి. దాహం తక్కువ. తిండిలోనే నాలుగు చెంచాల నీళ్లు కలపాలి. ముసలి పిల్లులకి సర్వసాధారణంగా వచ్చే జబ్బేమిటని అడిగితే డాక్టరు గారు ఒక్క క్షణం ఆగి, "కిడ్నీలండీ" అన్నారు. కిడ్నీ జబ్బులు ఊరూరా చూసిన ఉద్దానంలో ఆ మాటకి ఎవరూ వెంటనే జవాబు చెప్పరు. నేనూ చెప్పలేదు.

ఆ ఎడారి పిల్లి ఒంటరిది. మనుషుల దగ్గరికి వచ్చింది గాదెల్లో ఎలుకల కోసం. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ల నాటి సమాధి ఒకటి బయటపడింది. మనిషి పక్కనే ఒక పిల్లిని పాతిపెట్టారు. ఆ దీవికి సొంత పిల్లులు లేవు. అంటే ఎవరో పడవలో ఎక్కించుకుని తెచ్చారు. తొలినాళ్ల నుంచీ పిల్లికి పడవతో సంబంధం ఉందన్నమాట. తిండి దండిగా దొరికేచోట ఈ ఒంటరి జంతువు గుంపు కట్టడం నేర్చుకుంది. అయితే ఒక షరతు మీద నేర్చుకుంది. దూరం ఎంతుండాలో అదే తేల్చుకోవాలి.

భావనపాడు ఒడ్డున నేను చూసిన మూరెడు ఎడం అదే. నచ్చకపోతే లేచి పోవడానికి అక్కడ పొడుగూతా తీరం ఉంది. మా వంటింట్లో తలుపు నా చేతిలో ఉంది. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని మన పెద్దలు అన్నారు. కొట్టక్కర్లేదు, ఇంకో పిల్లిని తెచ్చి పెడితే చాలు.

అందుకని తలుపు తీసే రోజు వచ్చేసరికి ఇంట్లో తప్పించుకునే దారులు పెంచాం. రెండు పిల్లులకి మూడు ఇసుక టబ్బులు, మూడు వేర్వేరు చోట్ల. గిన్నెలు ఎదురెదురుగా కాదు, ఒకదానికొకటి కనిపించని మూలల్లో. బీరువా పైన ఒక గోనెపట్టా, అటక మీద ఒకటి. పిల్లికి నేలకంటే ఎత్తు విలువైన స్థలం. మొదటిరోజు అయిదు నిమిషాలు, మర్నాడు పది. గొడవ రాకముందే విడదీసేవాళ్లం. గొడవయ్యాక విడదీస్తే గొడవే గుర్తుంటుంది. మొత్తం మీద ఏడు వారాలు పట్టింది. మూడు రోజుల్లో అయిపోయిందని చెప్పేవాళ్లూ ఉంటారు. వాళ్ల అదృష్టం.

పసుపుకి ఆరు నెలలు నిండగానే ఆపరేషను చేయించాం. తిత్లీకి అంతకుముందే అయింది. చేయించకపోతే మగపిల్లి గోడగోడకీ మూత్రం చిమ్మి తన పేరు రాసుకుంటుంది, రాత్రంతా గండుపిల్లుల కచేరీ. ఆడపిల్లి రెండు నెలలు మోసి నాలుగైదు కూనల్ని కంటుంది, ఏడాదికి రెండు మూడు సార్లు. ఆ కూనల్నే మనవాళ్లు గోనెసంచిలో కట్టి ఏటి అవతల వదిలేసి వస్తారు. చంపితే కాశీలో బంగారు పిల్లిని దానమివ్వాలన్న భయం ఉందిగానీ, ఏరు దాటిస్తే ఏ దానమూ అక్కర్లేదని ధీమా. కళ్లు తెరవని కూన ఏటి అవతల ఎన్నాళ్లు బతుకుతుందో వాళ్లకీ తెలుసు.

ఇంకొక్క మాట, పిట్టల గురించి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుళ్ల కొంగలు ఊరి చెట్లమీదే గూళ్లు కడతాయి. ఊళ్లోవాళ్లు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకోవడం మనకి అలవాటైపోయిందిగానీ, నత్తగుళ్ల కొంగ మన దక్షిణాసియా పక్షే. గూటినుంచి జారిపడ్డ పిల్ల పిల్లి కంటపడితే దక్కదు. కడుపు నిండిన పిల్లి వేటాడదనుకోవడం పొరపాటు. ఆకలి వేరు, వేట వేరు. ఆ ఊళ్ల చుట్టుపక్కల పిల్లుల్ని పెంచేవాళ్లు కనీసం గూళ్ల కాలంలో వాటిని ఇంట్లో ఉంచండి.

దారినపోయే ప్రతి పిల్లినీ ఇంట్లోకి తెచ్చుకోమని నేను అనను. భావనపాడు పదింటికీ ఒడ్డే ఇల్లు. వాటికి తిండి ఉంది, ఎండుంది, ఒకదాన్నొకటి ఎరుగుదురు. ఇంట్లో ముసలి పిల్లో, జబ్బు పిల్లో ఉంటే దాని చివరి రోజుల్లోకి ఒక కుర్రపిల్లిని తెచ్చి వదలడం దయ అనిపించుకోదు. అరుగు మీద రోజూ గిన్నెడు తిండి, గిన్నెడు నీళ్లు పెట్టి, టీకా, ఆపరేషను చేయించి బయటే ఉండనిచ్చినా అది సాయమే. తెచ్చుకోదలిస్తే మాత్రం ఒక గదీ, రెండు నెలల ఓపికా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.

టీకా అన్నాను కాబట్టి ఆ సంగతీ చెప్పాలి. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్, కుక్క కరిచిన తొమ్మిదేళ్ల కుర్రాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు. ఆ రోజు గుర్తుగా ఏటా జూలై 6న మన పశుసంవర్ధక శాఖ ఆసుపత్రుల్లో పెంపుడు జంతువులకి రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. వరసలో అన్నీ కుక్కలే ఉంటాయి. మూతకి చిల్లులు పొడిచిన బుట్టలో మీ పిల్లిని కూడా తీసుకెళ్లండి. మూడు నెలలు నిండిన కూనకి వేయించవచ్చు, ఆ తర్వాత ఏటా ఒకసారి.

తిత్లీ, పసుపు ఇప్పుడు ఎలా ఉన్నాయని అడుగుతారు. అక్కాతమ్ముళ్లేం కాలేదు. ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోవు. పొద్దున్నే ఎండ అరుగుమీదికి రాగానే రెండూ వచ్చి కూర్చుంటాయి. మధ్యలో మూరెడు ఎడం.